తొలిచూపు తీర్పులు, మన పిల్లల కథలు



ముందుగా ఒక కథ చెబుతాను. మీలో చాలామందికి ఇది తెలిసిన కథే. ఇంటరు మొదటి సంవత్సరం క్లాసులోకి ఒక కొత్త కుర్రాడు వస్తాడు. వాళ్ల ఊరు నాగాయలంక అవతల ఎక్కడో. చొక్కా రంగు వెలిసింది, చెప్పులు అరిగాయి, పేరడిగితే నోట్లోనే గొణుక్కుంటాడు. మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే వెనక బెంచీవాళ్లు వాడికో పేరు పెట్టేస్తారు. కొన్నాళ్లు ఆ పేరుతోనే పిలుస్తారు. తర్వాత అందరూ కలిసి మంగినపూడి బీచికి వెళ్తారు. ఆ పేరు పెట్టినవాడే అలల్లో చిక్కుకుంటాడు. మన కుర్రాడు ఒక్క దూకు దూకి, వాణ్ని జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాక్కొస్తాడు. అందరి తలలూ వంగిపోతాయి. పైపైన చూసి మనిషిని అంచనా కట్టకూడదని మేష్టారు రెండు ముక్కలు చెబుతారు. కథ కంచికి.

మనం బందరనే మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో బడిపిల్లలూ కాలేజీపిల్లలూ రాసిన కథలు నేను ఇష్టంగా చదువుతాను. ఈ కథ వాటిలో రకరకాల వేషాలు వేసుకుని వస్తుంది. ఒకచోట కుర్రాడి బదులు ఆడపిల్ల ఉంటుంది. అలల బదులు ఆస్పత్రిలో రక్తదానం ఉంటుంది. ఇంకోచోట పదేళ్ల తర్వాత కలెక్టరు కారు దిగడం ఉంటుంది. రాసిన పిల్లలది మంచి మనసు, అందులో నాకు ఏ సందేహమూ లేదు. ఆ వయసువాళ్లకు ఇంతకంటే సొంతమైన విషయం దొరకదు కూడా. పదిహేనేళ్లప్పుడు పొద్దున్న లేచింది మొదలు ఎవరినో ఒకరిని తూస్తూనే ఉంటాం, ఎవరో ఒకరి తూకానికి నిలబడుతూనే ఉంటాం. కాని ఆ ముగింపు దగ్గరికి వచ్చేసరికి నా మనసు ఒప్పుకోదు. ఆ కుర్రాడికి ఈత రాకపోతే? వాడు ఒడ్డునే నిలబడి అందరిలాగే భయంతో కేకలు పెడితే? అప్పుడు వెనక బెంచీ పెట్టిన పేరు వాడికి సరిపోయినట్టేనా?

ఇవాళ నేను మాట్లాడబోయేది దీని గురించే.

మన కృష్ణా డెల్టాలో ఈ వయసు పిల్లలు కొత్తవాళ్లను దేన్నిబట్టి కొలుస్తారో ఒకసారి చూడండి. ముందు ఊరు. బందరు కోనేరు సెంటరుకు నడిచి వెళ్లేంత దగ్గర్లో ఇల్లున్న పిల్ల, కోడూరు నుంచో మోపిదేవి నుంచో బస్సులో నిలబడి వచ్చిన పిల్లను చూడగానే పల్లెటూరిదనుకుంటుంది. ఆ పిల్ల మళ్లీ లంక నుంచి వచ్చిన పిల్లను అలాగే అనుకుంటుంది. తర్వాత చదివిన మీడియం. తర్వాత చేతిలో ఫోను. ఆ తర్వాత మామూలు ప్రశ్నలాగే వినిపించే ప్రశ్న ఒకటుంది: మీ ఇంటిపేరేంటి? ఆ ప్రశ్న ఎందుకు అడుగుతున్నారో అడిగినవాడికీ తెలుసు, జవాబు చెప్పేవాడికీ తెలుసు. కులం తెలుసుకోవడానికి అడిగే ఈ ప్రశ్న క్లాసుగదిలో మొదటి వారంలోనే వినిపిస్తుంది. పిల్లల కథల్లో మాత్రం దాదాపు ఎక్కడా కనిపించదు. రాయకూడదని ఎవరో వాళ్లకు నేర్పారు. అసలు రాయాల్సింది అదే.

గిలకలదిండి హార్బరు పక్క ఇళ్ల నుంచి బడికొచ్చే పిల్లల్ని అడగండి. చేపల వాసన అన్న మాట ఎన్నిసార్లు విన్నారో చెబుతారు. అన్నవాళ్ల ఇంట్లో ఆ పూట చేపల పులుసే ఉడుకుతూ ఉండొచ్చు. బందరులోని చిలకలపూడి మాటేమిటి? అక్కడ తయారయ్యే రోల్డుగోల్డు నగ దేశమంతటా మెడల్లో మెరుస్తుంది. వందల కుటుంబాలకు అదే అన్నం పెడుతోంది. అదే బందరులో, ఒక ఆడపిల్ల మెడలో గొలుసు చూసి గిల్టు అంటూ పక్కపిల్ల చెవిలో చెప్పి నవ్వుతుంది మరో ఆడపిల్ల. తన ఊరి చేతిపనినే తీసిపారేస్తున్నానన్న ఆలోచన ఆమెకు రాదు.

ఎదురుమొండి దీవులు నాగాయలంక మండలంలో ఉన్నాయి. ఒకవైపు కృష్ణ పాయలు, ఇంకోవైపు సముద్రం. అక్కడి నుంచి ఇవతలి ఒడ్డుకు చేరాలంటే పడవో పంటో ఎక్కాలి. గాలి అనుకూలించాలి, పోటూ పాటూ కలిసి రావాలి, అప్పుడు చదువు. రెండో పీరియడు మధ్యలో గుమ్మం దగ్గర నిలబడినవాడి ప్యాంటు మోకాళ్లదాకా తడిసి ఉంటే క్లాసంతా గొల్లుమంటుంది. బద్ధకస్తుడన్న తీర్పు ఆ నవ్వులోనే అయిపోతుంది. ఆ క్లాసులో ఆవేళ అందరికంటే ముందు నిద్రలేచినవాడు వాడే.

ఇలా చూడగానే తేల్చేయడం పిల్లల దుర్మార్గం అనుకోవద్దు. అది మనిషి బుర్ర పనిచేసే తీరు. అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో విల్లిస్, టొడొరోవ్ అనే ఇద్దరు పరిశోధకులు 2006లో ఒక అధ్యయనం ప్రచురించారు. తెలియని మనిషి ముఖం సెకనులో పదోవంతు సేపు చూపిస్తే చాలు, ఇతను నమ్మదగినవాడా కాదా, సమర్థుడా కాదా అని జనం తేల్చేస్తున్నారు. దానికంటే నాకు ముఖ్యంగా తోచింది ఇంకొకటి. అదే ముఖాన్ని మరికాస్త ఎక్కువసేపు చూపిస్తే అభిప్రాయం పెద్దగా మారలేదు. ఆ అభిప్రాయం మీద ధీమా మాత్రం పెరిగింది. వెనక బెంచీలో సంవత్సరమంతా జరిగేది ఇదే కదా! జూన్‌లో పెట్టిన పేరు మార్చికి మరింత గట్టిపడుతుంది. పక్కన కూర్చున్నంత మాత్రాన మనిషి అర్థంకాడు.

పిల్లలు తీర్పరులే కాదు, ముద్దాయిలు కూడా. టాగూరు 1892లో రాసిన ‘ఛుట్టి’ కథలో ఫటిక్ అనే కుర్రాడుంటాడు. పల్లెలో తన ఈడు పిల్లల ముఠాకు నాయకుడు. చదువుకోసం కలకత్తాలో మేనమామ ఇంటికి వెళ్తాడు. అక్కడ అత్తయ్య కంటికి వాడొక బరువు, బడిలో మేష్టారి కంటికి మొద్దు. పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లవాడు ముద్దొచ్చే వయసు దాటాడు, పనికొచ్చే వయసు రాలేదు, ఏం చేసినా పెద్దలకు తప్పుగానే కనిపిస్తాడని టాగూరు ఆ కథలో ఎంతో బాధతో గమనిస్తారు. ఇంట్లో అలా తూకానికి నిలబడినవాడు, బడికి వచ్చి తనకంటే బలహీనుణ్ని తూకానికి నిలబెడతాడు. మంచి కథ రాయాలనుకునే పిల్లలు ఈ రెండో సగాన్ని కూడా చూడాలి. పేరు పెట్టినవాడి ఇంట్లో ఏం జరుగుతోందో ఎవరూ రాయరు.

ఇక మన గుడివాడ వైపు వద్దాం. గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబరు 4న పుట్టిన గాయకుడు ఘంటసాల వెంకటేశ్వరరావు గారి చిన్నతనం మీకు కొంత తెలిసే ఉంటుంది. తండ్రి సూరయ్య గారు తరంగాలు పాడుతుంటే ఆ పసివాడు నృత్యం చేసేవాడు. చూసినవాళ్లు ముద్దుగా బాలభరతుడన్నారు. పదకొండేళ్లకే తండ్రి పోయారు. ఆ తర్వాత ఒకచోట సంగీత పోటీలో ఓడిపోయి నలుగురిలో నవ్వులపాలయ్యాడు. సంగీతం నేర్చుకునే తీరాలన్న పట్టుదలతో, తన దగ్గరున్న చిన్న ఉంగరం అమ్ముకుని విజయనగరం చేరాడు. అక్కడ వసతి దొరికింది. తోటి విద్యార్థులు చేసిన తప్పు తన నెత్తిన పడి ఆ వసతి కూడా పోయిందని ఆయన జీవితకథ చెబుతుంది. పట్రాయని సీతారామశాస్త్రి గారు చేరదీసి ఉచితంగా పాఠం చెప్పారు. కడుపు నింపుకోవడానికి మాత్రం భుజాన జోలె వేసుకుని ఇల్లిల్లూ తిరిగి మధూకరం ఎత్తాల్సి వచ్చింది.

ఆ వీధుల్లో తలుపు తీసిన గృహస్థుకు ఏం కనిపించి ఉంటుంది? జోలె పట్టుకున్న ఒక కుర్రాడు. అంతే. ఆ తర్వాత మద్రాసులో కూడా ఒక గ్రామఫోను కంపెనీ ఆ గొంతు రికార్డుకు పనికిరాదని పంపేసింది. ఆ గొంతును ముందుగా జనానికి వినిపించింది రేడియో. ఇవాళ రేడియోలో నిలబడి ఈ మాట చెప్పగలగడం నాకు గర్వంగా ఉంది.

అయితే ఈ జీవితకథను మనం ఎలా చెప్పుకుంటున్నామో గమనించండి. చూశారా, ఆ రోజు తరిమేసినవాడు ఎంతటివాడయ్యాడో అంటాం. ఇంకొందరి కథలూ ఇలాగే చెప్పుకుంటాం. గుడివాడ ప్రాంతం నుంచే వచ్చిన అక్కినేని నాగేశ్వరరావు గారు కుర్రతనంలో నాటకాల్లో ఆడవేషాలు వేశారు. నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారక రామారావు గారు బెజవాడలో కాలేజీ నాటకంలో మీసం తియ్యకుండానే ఆడవేషం కట్టారు, మీసాల నాగమ్మ అన్న పేరు అలా వచ్చింది. ఆడవేషం వేసే కుర్రాణ్ని ఈడువాళ్లు ఏమంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. వాళ్లిద్దరూ తెరవేల్పులయ్యాక ఆ పాత ముచ్చట్లు ముద్దుగా ఉన్నాయి. మరి అదే రోజుల్లో అదే ఊళ్లలో ఆడవేషం వేసి, తర్వాత చేలోకి దిగిపోయి, ఏ తెరమీదా కనపడని కుర్రాళ్ల మాట? విజయనగరంలో ఆ కాలంలోనే జోలె పట్టుకున్న, గొప్ప గాత్రం లేని, ఇంకే గొప్పా లేని పిల్లల మాట? వాళ్ల ముఖాన తలుపు వేయడం సబబేనా?

గొప్పవాడని తేలాక మర్యాద ఇవ్వడంలో విశేషమేమీ లేదు. అది కూడా ఇంకో తూకమే. రాళ్లు మాత్రం మారాయి. అలల్లోంచి లాక్కొచ్చిన కుర్రాడి కథ మీద నా అభ్యంతరం ఇదే. తోటివాళ్ల మర్యాద కోసం ఆ పిల్లవాడు ప్రాణాలకు తెగించాల్సి వచ్చింది. ఈత రానివాడు ఏం చేసి సంపాదించుకోవాలి?

జీవితచరిత్రలు ఎలాగూ పేరు పొందినవాళ్ల గురించే వస్తాయి. ఏమీ కానివాళ్లను పట్టించుకోవడానికే చిన్నకథ ఉంది. విజయనగరానికి చెందిన చాగంటి సోమయాజులు గారు, మనం చాసో అని పిలుచుకునే ఆయన, ‘ఎందుకు పారేస్తాను నాన్నా’ అని ఒక కథ రాశారు. డబ్బుల్లేక కృష్ణుడనే కుర్రాడి చదువు ఆగిపోయింది. తండ్రి చుట్టలు తెమ్మని పంపుతాడు. బజారుకు వెళ్లాలంటే బడి ముందు నుంచే దారి. తనతో చదివినవాళ్లు పై తరగతిలోకి వెళ్తున్నారు, తనను ఈ అవతారంలో చూస్తే ఏమనుకుంటారో అన్న సిగ్గుతో వాడు కుమిలిపోతాడు. ఆ కథలో నన్ను కట్టిపడేసేది ఇదే. తీర్పు ఇంకా ఎవరి నోటా రాలేదు. వాడి గుండెలో మాత్రం అమలైపోతోంది. తోటి పిల్లలు కళ్లెత్తి చూడకముందే వాడు శిక్ష అనుభవిస్తున్నాడు. కథ చివర తండ్రి చలించి, చదువుకు డబ్బు ఇస్తాడు. కృష్ణుడు తర్వాత ఏమయ్యాడో చాసో చెప్పరు. వాడు పెద్ద ఆఫీసరయ్యాడా, గుమస్తాగానే మిగిలాడా అన్నది మనకు అక్కర్లేదు. ఆ వేళ ఆ బడి గోడ పక్కన వాడు పడ్డ బాధ చాలు, వాడు మనవాడైపోతాడు.

పాలగుమ్మి పద్మరాజు గారి ‘గాలివాన’ ఇంకా కఠినమైన కథ. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ నిర్వహించిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. అందులో తీర్పు చెప్పేది పిల్లవాడు కాదు, వయసు మళ్లిన పెద్దమనిషి, ఉపన్యాసాలిచ్చే రావుగారు. రైలుపెట్టెలో అడుక్కునే ఆమెను చూడగానే ఆయన ఒక అభిప్రాయానికి వస్తాడు. గాలివాన రాత్రి స్టేషన్‌లో భయంతో వణికిపోతున్న ఆయనకు ఆమే ధైర్యం చెబుతుంది. తెల్లారేసరికి ఆమె చనిపోయి కనిపిస్తుంది. ఆయన పర్సు ఆమె చేతిలో ఉంటుంది. పద్మరాజు గారి ధైర్యం చూడండి! ఆమె దొంగతనం చేసింది. తొలిచూపులో రావుగారు వేసుకున్న అంచనాకు ఆ పర్సే రుజువు. అయినా ఆ అంచనా ఆమెలో ఎంత చిన్న మూలను తాకిందో పాఠకుడికి అర్థమవుతుంది. ఆమెను నిర్దోషిగా, త్యాగమూర్తిగా తీర్చిదిద్దితే అందరి కళ్లూ సులువుగా చెమర్చేవి. పద్మరాజు గారు అలా చెయ్యలేదు.

గాలివాన మాట వచ్చింది కనుక ఒక్క విషయం. మన పిల్లల కథల్లో ఉప్పెన తరచుగా వస్తుంది. అణగిమణగి ఉన్న కుర్రాడి ధైర్యం లోకానికి తెలియజేసి వెళ్లిపోతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన అలా ఎవరి యోగ్యతకూ పరీక్ష పెట్టడానికి రాలేదు. వేలమందిని తీసుకుపోయింది. బతికినవాళ్లు మంచివాళ్లని బతకలేదు, పోయినవాళ్లు చేతకానివాళ్లని పోలేదు. ఆ రాత్రి చేతుల్లోంచి బిడ్డలు జారిపోయిన ఇళ్లు ఆ ఊళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. ఉప్పెనను కథలో వాడుకోవాలనుకునే పిల్లలు ముందు వెళ్లి ఆ ఇళ్లలో పెద్దవాళ్ల పక్కన కూర్చుని వినాలి.

ఇంగ్లీషులో రాసిన న్యూజీలాండ్ రచయిత్రి కేథరిన్ మాన్స్‌ఫీల్డ్ కథ ఒకటి, ‘ది డాల్స్ హౌస్’, ఇక్కడ గుర్తు చేసుకోవాలి. ఊళ్లో బట్టలుతికే ఆమె కూతుళ్లు ఇద్దరు, లిల్, ఎల్స్. బడిలో ఎవరూ వాళ్లతో మాట్లాడరు. మాట్లాడొద్దని ఇళ్లలో పెద్దలే చెప్పారు. కెజియా అనే చిన్నపిల్ల వాళ్లను పిలిచి తమ బొమ్మరిల్లు చూపిస్తుంది. వెంటనే పిన్ని వచ్చి కోళ్లను అదిలించినట్టు వాళ్లను అదిలించేస్తుంది. ఏ న్యాయమూ జరగదు. ఆ అక్కచెల్లెళ్లు ఎవరినీ కాపాడరు, ఏ పరీక్షలోనూ మొదటి ర్యాంకు తెచ్చుకోరు. బొమ్మరింట్లోని చిన్న దీపం చూశామన్న సంతోషం మాత్రం వాళ్లకు మిగులుతుంది. ఆ కథ వచ్చి వందేళ్లు దాటింది. చదివిన ప్రతివాళ్లకూ తమ బడిలోని అలాంటి అక్కచెల్లెళ్లు గుర్తొస్తారు.

మరి మన ఊళ్లలో ఇలాంటి కథ ఎలా రాయొచ్చు? నాకు తోచిన దారి ఒకటి చెబుతాను. పెడన నుంచి గుడివాడకు రైల్లో కాలేజీకి వెళ్లే ఒక అమ్మాయిని ఊహించుకోండి. గోళ్ల సందుల్లో నలుపు, అరచేతుల్లో పోని మరకలు. పక్కన కూర్చోవాల్సిన పిల్ల ఆ చేతులు చూసి బ్యాగు తన వైపుకు జరుపుకుంటుంది. ఇంత శుభ్రం లేని మనిషా అనుకుంటుంది. కథను ఈ రెండో పిల్ల నోటితోనే చెప్పించండి. చదివేవాళ్లం కూడా ఆమెతో కలిసి ముఖం చిట్లించాలి. ఇనుప తుక్కును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెడితే కలంకారీ నలుపు వస్తుందనీ, కరక్కాయ రసంలో ముంచిన గుడ్డమీద అచ్చు వేస్తే ఆ రంగు పట్టుకుంటుందనీ, ఆ మరక సబ్బుకు లొంగదనీ మొదట్లోనే చెప్పకండి. తెలియాల్సినచోట, తెలియాల్సినంతే తెలియాలి.

సాల్మన్ ఆష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1946లో చేసిన ఒక ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. తెలివైనవాడు, నేర్పరి, కష్టజీవి, పట్టుదల కలవాడు అంటూ ఒక మనిషి లక్షణాలు కొందరికి చదివి వినిపించారు. జాబితా ఒక్కటే. ఒక బృందానికి మాత్రం మధ్యలో ఆప్యాయంగా ఉంటాడని చేర్చారు, ఇంకో బృందానికి ముభావంగా ఉంటాడని చేర్చారు. ఆ ఒక్క లక్షణంతో మొత్తం మనిషి మీద అభిప్రాయమే తిరగబడింది. కథ రాసేవాళ్ల చేతిలో ఉన్న శక్తి ఇదే. ఆ అమ్మాయి గురించి మొదటి పేరాలో మీరు ఏ లక్షణం ఇస్తారన్నదాన్నిబట్టి పాఠకుడు ఆమెను దగ్గరికి తీసుకుంటాడో దూరం పెడతాడో తేలిపోతుంది. కాబట్టి ఆ మొదటి పేరా పదిసార్లు రాయండి.

ఆమెకు జాతీయ అవార్డు ఇప్పించకండి. బందరు కలంకారీ ప్రపంచ ప్రసిద్ధమని మేష్టారి చేత ఉపన్యాసం చెప్పించకండి. ఆమె చదువులో అంతంతమాత్రమే కావచ్చు. కోపిష్ఠి కావచ్చు. యూనిట్ టెస్టులో పక్కపిల్ల కాగితంలోకి తొంగిచూడొచ్చు కూడా. ఆమెను తప్పుగా అంచనా కట్టిన పిల్ల కూడా రాక్షసి కాకూడదు. వాళ్ల నాన్న చేపల చెరువులో నష్టపోయి ఉండొచ్చు, ఈ ఏడాది తన ఫీజు ఎవరు కడతారో ఆమెకే తెలియకపోవచ్చు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని, రెండు బ్యాగుల మధ్య బెత్తెడు ఖాళీతో, ఆ సంవత్సరం ఎలా గడిపారో రాయండి. ఆ ఖాళీ తగ్గిందా, అలాగే ఉండిపోయిందా అన్నది మీ కథకు తెలియాలి, నాకు తెలియదు.

చివరగా ఒక విన్నపం, ఇది పెద్దవాళ్లకు. బళ్లలో, కాలేజీల్లో, గ్రంథాలయ వారోత్సవాల్లో కథల పోటీలు పెట్టే మేష్టార్లకూ, బహుమతులు నిర్ణయించే పెద్దలకూ చెబుతున్నాను. కథ చివర నీతి ఉండాలన్న షరతు తీసేయండి. ఆ ఒక్క షరతు కోసమే పిల్లలు తమకు తెలిసిన నిజం పక్కన పెట్టి, తెలియని సముద్రంలోకి ఎవరినో దూకిస్తున్నారు. ఇంటిపేరు అడిగిన రోజు, తడిసిన ప్యాంటు చూసి నవ్విన రోజు, గిల్టు అన్న మాట చెవిన పడిన రోజు వాళ్లకు తెలుసు. వాటిని రాసుకోనివ్వండి. రాసిన కాగితం మీ చేతికి వచ్చినప్పుడు, ఇందులో పిల్లవాడు గెలవలేదేమిటని అడగకండి.